ఒక్క మనిషి వెంట ఇంత సైన్యం

1854 మే 24, బుధవారం. బాస్టన్‌లో చీకటి పడుతోంది. బ్రాటిల్ వీధిలో కొట్లు ఒక్కొక్కటే మూసేస్తున్నారు. కాఫిన్ పిట్స్ గారి బట్టల దుకాణం కూడా మూశారు. పిట్స్ నల్లజాతి వ్యాపారి, చర్చిలో డీకన్. ఆయన దగ్గర పనికి కుదిరిన కుర్రాడొకడు ఇప్పుడే బయటికొచ్చి కోర్టు వీధి వైపు నడుస్తున్నాడు. పదండి, మనమూ అతని వెనకే నడుద్దాం.

పేరు ఆంథొనీ బర్న్స్. ఇరవై ఏళ్ళు నిండటానికి ఇంకా వారం ఉంది. కుడిచెయ్యి చూడండి. విరిగిన ఎముక సరిగ్గా అతుక్కోక పైకి పొడుచుకొచ్చింది. చిన్నతనంలో యజమాని అతన్ని మిల్లులో కూలికి పెడితే యంత్రంలో పడి నలిగిన చెయ్యి అది. ఆ కూలి డబ్బు యజమాని జేబులోకి వెళ్ళింది, విరిగిన చెయ్యి ఇతనికి మిగిలింది. చెంప మీద ఒక పెద్ద మచ్చ కూడా ఉంది. ఈ చెయ్యి, ఈ మచ్చ రేపు కోర్టులో సాక్ష్యం చెబుతాయి.

వర్జీనియాలో పుట్టుకతోనే బానిస ఇతను. అక్కడ బానిసలు చదువుకోవడం నిషేధం. అయినా తెల్లవాళ్ళ పిల్లల దగ్గర అక్షరాలు కూడబలుక్కుని చదవడం, రాయడం నేర్చుకున్నాడు. తోటి బానిసలకు బైబిల్ బోధించేవాడు. ఈ ఏడాది మొదట్లో రిచ్‌మండ్ రేవులో పనిచేస్తూ, ఒక నావికుడి సాయంతో ఓడలో దాక్కుని ఉత్తరాదికి వచ్చేశాడు. వచ్చాక ఒక పని చేశాడు. అక్కడ బానిసగానే ఉన్న అన్నకు ఉత్తరం రాశాడు. తన ఆచూకీ తెలియకూడదని దాన్ని కెనడా మీదుగా పంపించాడు. కానీ ఉత్తరం లోపల పైన బాస్టన్ అని ఊరి పేరు వేశాడు. బానిస పేరిట వచ్చిన ఉత్తరం ముందు యజమాని చేతికే వెళ్తుంది. యజమాని విప్పి చదివాడు.

కోర్టు వీధి, హనోవర్ వీధి కలిసే మూల దగ్గర ఒకడు బర్న్స్ భుజం పట్టుకుని ఆపాడు. ఏసా బట్‌మన్ అనే అధికారి. నగల కొట్టులో దొంగతనం జరిగింది, నీ మీద అనుమానం అంటున్నాడు. బర్న్స్ పెనుగులాడలేదు. దొంగతనం చెయ్యలేదు కాబట్టి భయపడాల్సింది లేదనుకున్నాడు. ఇంతలో చీకట్లోంచి మరికొందరు వచ్చి చుట్టుముట్టి, అతన్ని అమాంతం పైకెత్తి, నడివీధిలో మోసుకుపోతున్నారు. మనుషులు తిరిగే వీధే. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. దొంగని పట్టుకున్నారనుకున్నారు అంతా.

కోర్టు భవనం రాతి కట్టడం. పై అంతస్తులో కిటికీలకు ఊచలున్న గదిలోకి అతన్ని తోశారు. నగల వర్తకుడు ఎప్పుడొస్తాడా అని అతను చూస్తున్నాడు. వర్తకుడు వస్తాడు, వీడు కాదంటాడు, తను ఇంటికి పోవచ్చు.

తలుపు తెరుచుకుంది. వచ్చింది చార్లెస్ సటిల్. అతని యజమాని. పక్కన విలియం బ్రెంట్, రిచ్‌మండ్‌లో బర్న్స్‌ని కూలికి కుదిర్చే మనిషి.

సటిల్ టోపీ తీసి, నడుం వంచి, మిస్టర్ బర్న్స్ బాగున్నారా అని పలకరించాడు. బానిసని ఎవరూ మిస్టర్ అనరు. ఆ మర్యాద చెంపదెబ్బ కన్నా గట్టిగా తగలాలనే అన్నాడు. తర్వాత గొంతు మారింది. ఎందుకు పారిపోయావు టోనీ, నిన్ను ఎప్పుడైనా కొట్టానా, అడిగినప్పుడు డబ్బు ఇవ్వలేదా అని నిలదీశాడు. బర్న్స్ బెదిరిపోయి ఉన్నాడు. అయినా ఆ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాడు. ఏడాదికోసారి పన్నెండున్నర సెంట్లు ఇచ్చారు అన్నాడు. కానీ అంత మాట్లాడటమే అతని కొంప ముంచింది. యజమానిని యజమానిగా గుర్తుపట్టి బదులు చెప్పాడు కదా. గదిలో ఉన్నవాళ్ళు విన్నారు కదా. ఆ నాలుగు మాటలే ఇంకో తొమ్మిది రోజులకు అతని మెడకు చుట్టుకుంటాయి.

ఇక్కడ పరారీ బానిసల చట్టం గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే ఇంత పెద్ద ఊళ్ళో, బానిసత్వం రద్దయి డెబ్భై ఏళ్ళయిన మసాచుసెట్స్‌లో, వర్జీనియా మనిషి వచ్చి ఒకణ్ణి ఎలా ఎత్తుకుపోగలడో అంతుబట్టదు. 1787లో రాసుకున్న రాజ్యాంగంలోనే దీనికి బీజం ఉంది: ఒక రాష్ట్రం నుంచి పారిపోయి వచ్చిన బానిసను ఇంకో రాష్ట్రం తిరిగి అప్పగించాలి. 1850లో ఆ నిబంధనకు కోరలు తొడిగారు. కొత్త చట్టం ప్రకారం పట్టుబడినవాడికి జూరీ ఉండదు. అతను తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకోకూడదు. ఒక కమిషనర్ కాగితాలు చూసి తేలుస్తాడు. బానిసే అని తేల్చి పంపించేస్తే కమిషనర్‌కు రుసుము 10 డాలర్లు. కాదని వదిలేస్తే 5. పారిపోయినవాడికి సాయం చేస్తే వెయ్యి డాలర్ల జరిమానా, ఆరు నెలల జైలు. మార్షల్ పిలిస్తే దారినపోయేవాడు కూడా బానిసను పట్టుకోవడంలో సాయపడాలి. ఈ చివరి ముక్కే ఉత్తరాదివాళ్ళకు మింగుడుపడలేదు. బానిసత్వం ఎక్కడో దక్షిణాదిలో జరిగే తప్పు అనుకుని నిద్రపోవడానికి ఇప్పుడు వీల్లేదు. ఆ చట్టం వాళ్ళ చేతికే తాడిచ్చి కట్టమంది.

గురువారం పొద్దున్న. కోర్టు గది. బర్న్స్ చేతులకు బేడీలు, చుట్టూ తుపాకీలు పెట్టుకున్న మనుషులు. వెనక బెంచీల పక్కగా నిలబడితే మనకు అన్నీ కనిపిస్తాయి. రిచర్డ్ హెన్రీ డేనా కోర్టు పక్కనుంచి వెళ్తూ కబురు విని లోపలికి వచ్చాడు. కుర్రతనంలో ఓడలో కూలీగా పనిచేసి, ఆ అనుభవాలతో పుస్తకం రాసి పేరు తెచ్చుకున్న లాయరు. వంగి, నీ తరఫున నేను వాదిస్తాను అని బర్న్స్‌తో మెల్లగా అంటున్నాడు. బర్న్స్ వద్దంటున్నాడు. లాభం లేదు, నన్ను గుర్తుపట్టారు, ఎలాగూ తీసుకుపోతారు, ఎదురు తిరిగితే అక్కడ నా పరిస్థితి ఇంకా ఘోరమవుతుంది. అతని మాటల సారం ఇది.

ఈ దృశ్యం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. తర్వాత వారం రోజుల్లో ఎన్నో ఉపన్యాసాలు వింటాం, స్వేచ్ఛ గురించి గొప్ప గొప్ప మాటలు. కానీ ఆ గదిలో తర్వాత ఏం జరుగుతుందో ఒళ్ళంతా తెలిసినవాడు ఒక్కడే, బర్న్స్. కొరడా ఎవరి చేతిలో ఉంటుందో అతనికి తెలుసు. అతని భయాన్ని పిరికితనం అనడానికి మనకు హక్కు లేదు. డేనా అర్థం చేసుకున్నాడు, బలవంతపెట్టలేదు. ఆలోచించుకోవడానికి సమయమివ్వండని మాత్రం కమిషనర్ ఎడ్వర్డ్ లోరింగ్‌ను అడిగాడు. లోరింగ్ హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం బోధిస్తాడు. శనివారానికి వాయిదా వేశాడు. ఈలోగా బర్న్స్ మనసు గట్టి చేసుకుని, పోరాడదామన్నాడు.

శుక్రవారం రాత్రి. ఫాన్యుయల్ హాలు కిక్కిరిసిపోయింది. విప్లవం రోజుల్లో ఇంగ్లండు రాజు పన్నుల మీద బాస్టన్ జనం గర్జించిన హాలు ఇది. అమెరికాలో స్వాతంత్ర్యానికి ఉయ్యాల అని పేరు. ఈ ఉయ్యాల కట్టించిన పీటర్ ఫాన్యుయల్ సంపాదనలో బానిసల అమ్మకం సొమ్ము కూడా ఉంది. 1742లో ఊరికి కానుకగా ఇచ్చాడు. బాస్టన్ పునాదుల్లో ఎక్కడ తవ్వినా ఇలాంటిదే తగులుతుంది. దేవుడికి నచ్చే ఊరు కడతామని 1630లో ప్యూరిటన్లు ఇక్కడ దిగారు. ఎనిమిదేళ్ళకే, 1638లో, డిజైర్ అనే ఓడ కరేబియన్ దీవుల నుంచి పత్తి, పొగాకుతో పాటు నల్లజాతి మనుషులను కూడా తెచ్చి ఇక్కడ దించింది. 1641లో ఈ వలస రాసుకున్న తొలి హక్కుల పత్రంలోనే, యుద్ధంలో చిక్కినవాళ్ళను, అమ్ముడైనవాళ్ళను బానిసలుగా ఉంచుకోవచ్చన్న మినహాయింపు ఉంది. బానిసత్వం వర్జీనియా పొలాల్లోనే పుట్టి పెరిగిందని మసాచుసెట్స్ చెప్పుకుంటే అది నిజం కాదు. ఇక్కడ 1780లలో కోర్టు తీర్పులతో పోయింది, అంతే. అది పోవడానికి ముందు నూట నలభై ఏళ్ళకు పైగా ఇక్కడే ఉంది.

వేదిక మీద బానిసత్వ వ్యతిరేక వక్త వెండెల్ ఫిలిప్స్, పాస్టర్ థియొడోర్ పార్కర్ మాట్లాడుతున్నారు. ఇంతలో వెనకనుంచి కేక: కోర్టు దగ్గర నల్లవాళ్ళు తలుపులు పగలగొడుతున్నారు! హాలు ఒక్కసారిగా లేచింది. అందరూ ఒకేసారి గుమ్మం మీద పడ్డారు. మనమూ ఆ తోపులాటలో పడి వీధిలోకి వచ్చిపడ్డాం.

కోర్టు పశ్చిమ ద్వారం. దీపాల వెలుగులో పది పన్నెండు మంది ఒక పెద్ద దూలం ఎత్తుకుని తలుపు మీద దబ్ దబ్‌మని కొడుతున్నారు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసే ఉన్నారు. కెంటకీ నుంచి పారిపోయివచ్చిన లూయిస్ హేడెన్ ఉన్నాడు, యూనిటేరియన్ పాస్టర్ థామస్ వెంట్‌వర్త్ హిగిన్సన్ ఉన్నాడు. తలుపు ఒక కీలు ఊడి వాలింది. సందులోంచి ఒక నల్లజాతి యువకుడు, వెంటనే హిగిన్సన్ లోపలికి దూరారు. లోపల పోలీసు లాఠీలు, కత్తులు. హిగిన్సన్ గడ్డం చీలింది. తుపాకీ పేలింది. లోపల కాపలా ఉన్న జేమ్స్ బాచెల్డర్ కూలిపోయాడు, ప్రాణం పోయింది. బండి తోలి బతికే ఇరవై నాలుగేళ్ళవాడు, మార్షల్ కూలికి పెట్టుకుంటే వచ్చినవాడు. అతణ్ణి చంపిందెవరో ఎన్నడూ తేలలేదు. జనం వెనక్కి తగ్గారు. ఫాన్యుయల్ హాలు గుంపు వచ్చేసరికి అవకాశం చేజారింది. పైన ఊచల గదిలో బర్న్స్ ఆ దూలం దెబ్బలు విన్నాడు. తర్వాత నిశ్శబ్దం కూడా విన్నాడు.

శనివారం ఇంకో దారి తెరుచుకుంది. ఈసారి దూలం కాదు, డబ్బు. పారిపోయివచ్చిన బానిసలకు ఆసరాగా నిలిచిన ట్వెల్ఫ్త్ బాప్టిస్టు సంఘం పాస్టర్ లియొనార్డ్ గ్రైమ్స్ రంగంలోకి దిగాడు. ఈయన స్వేచ్ఛాజీవిగా పుట్టిన నల్లజాతివాడు. వాషింగ్టన్‌లో గుర్రబ్బండి నడుపుతూ, అందులోనే బానిసలను దాటించి, దొరికిపోయి రెండేళ్ళు రిచ్‌మండ్ జైల్లో ఉన్నాడు. 1200 డాలర్లిస్తే బర్న్స్‌ను అమ్మేస్తానని సటిల్ ఒప్పుకున్నాడు. గ్రైమ్స్ రోజంతా గడపగడపకూ తిరిగాడు. రాత్రికి మొత్తం కూడింది. లోరింగే స్వయంగా అమ్మకం కాగితం రాశాడు. గడియారం పన్నెండుకు దగ్గరవుతోంది. అప్పుడు ప్రభుత్వ న్యాయవాది బెంజమిన్ హాలెట్ అడ్డుపడ్డాడు. అర్ధరాత్రి దాటితే ఆదివారం, మసాచుసెట్స్‌లో ఆదివారం క్రయవిక్రయాలు చెల్లవు అన్నాడు. గ్రైమ్స్ చేతిలో డబ్బు ఉంది. బల్ల మీద కాగితం ఉంది. గడియారం పన్నెండు కొట్టింది. అంతే, అందరూ లేచిపోయారు. సోమవారం వచ్చేసరికి సటిల్ మాట మార్చాడు, కేసు ముగిసేదాకా అమ్మనన్నాడు. వాషింగ్టన్‌కు కావలసింది డబ్బు కాదు, తీర్పు. బాస్టన్‌లో చట్టం నడుస్తుందని దేశమంతా చూడాలి. ఖర్చుకు వెనకాడొద్దని అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ నుంచి టెలిగ్రామ్ వచ్చింది.

సోమ, మంగళ, బుధ వారాలు విచారణ. డేనా, చార్లెస్ ఎలిస్ వాదించారు. మార్చి 20న కూడా బర్న్స్‌ను రిచ్‌మండ్‌లో చూశానని బ్రెంట్ ప్రమాణం చేసి చెప్పాడు. అయితే విలియం జోన్స్ అనే నల్లజాతి కూలీ లేచి, మార్చి మొదటి రోజుల్లోనే తనూ బర్న్సూ దక్షిణ బాస్టన్‌లోని మట్టపాన్ ఇనుప కర్మాగారంలో కిటికీలు కడిగామని చెప్పాడు. అవునన్నారు మరికొందరు, వాళ్ళలో తెల్లవాళ్ళూ ఉన్నారు. ఇద్దరు చెప్పిందీ నిజమైతే అది ఒకే మనిషి కాదు. మామూలు కోర్టులో, మామూలు జూరీ ముందు, ఈ ఒక్క అనుమానం చాలు. ఇక్కడ జూరీ లేదు.

మధ్యలో మంగళవారం, మే 30న, పియర్స్ కాన్సస్ నెబ్రాస్కా చట్టంపై సంతకం చేశాడు. 1820 నుంచి బానిసత్వానికి మూసి ఉంచిన పడమటి మైదానాలను అక్కడి తెల్లవాళ్ళ ఓటుకు వదిలేశాడు. బాస్టన్ పత్రికల్లో ఆ వారం రెండు వార్తలూ పక్కపక్కనే. బుధవారానికి బర్న్స్‌కు ఇరవై ఏళ్ళు నిండాయి. ఆ పుట్టినరోజు బేడీలతో గడిచింది.

జూన్ 2, శుక్రవారం, పొద్దున్న తొమ్మిది. కోర్టు చౌక్‌లో ఫిరంగి పెట్టారు. గుండు దట్టించి, వీధి వైపు గురిపెట్టి. లోపల లోరింగ్ తీర్పు చదువుతున్నాడు. సాక్ష్యాలు ఒకదానికొకటి పొసగడం లేదని ఒప్పుకుంటున్నాడు. కానీ మే 24 రాత్రి ఆ గదిలో బర్న్స్ తన యజమానితో మాట్లాడిన మాటలున్నాయి కదా, అవే అతనెవరో చెబుతున్నాయి అంటున్నాడు. చట్టం బర్న్స్‌ను తన తరఫున నోరెత్తనివ్వలేదు. తనకు వ్యతిరేకంగా పోయిన మాటలను మాత్రం లెక్కలోకి తీసుకుంది. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ రక్తం మరుగుతుంది.

తీర్పు తర్వాత గదిలో అందరినీ బయటికి పంపేశారు. డేనా, గ్రైమ్స్ ఇద్దరే బర్న్స్ పక్కన కూర్చున్నారు. కాపలావాళ్ళు చందాలు వేసుకుని అతనికి కొత్త సూటు కొన్నారు. మంచి బట్టలు వేసి సాగనంపుతున్నారు. ఓడ దాకా అతని వెంట మేం నడుస్తాం అని లాయరు, పాస్టర్ అడిగారు. మార్షల్ వాట్సన్ ఫ్రీమన్ ముందు సరేనన్నాడు, తర్వాత వద్దన్నాడు.

మనం బయటికొచ్చి ఓల్డ్ స్టేట్ హౌస్ పక్కన చోటు చూసుకుందాం. తొందరపడండి, నిలబడే చోటు దొరకడం కష్టం. యాభై వేల మంది అంటున్నారు. పక్క ఊళ్ళ నుంచి రైళ్ళలో వచ్చారు. కిటికీల్లో, కప్పుల మీద, దీపస్తంభాల మీద మనుషులే. కోర్టు నుంచి రేవు దాకా వీధికి రెండు పక్కలా మసాచుసెట్స్ సొంత సిపాయిలు తుపాకులు పట్టుకుని వరస కట్టారు, పదిహేను వందల మంది దాకా. మేయరు ఆజ్ఞ. ఇలా తన ఊరి జనాన్ని తుపాకులతో వెనక్కి నెట్టడం తనవల్ల కాదని జోసెఫ్ హేస్ అనే పోలీసు కెప్టెన్ ఈ పొద్దున్నే రాజీనామా రాసి ఇచ్చేశాడు.

తలెత్తి చూడండి. స్టేట్ వీధికి అడ్డంగా, మన తలల పైన, ఒక శవపేటిక వేలాడుతోంది. నల్లది. దాని మీద స్వేచ్ఛ అని రాశారు. లాయర్ల ఆఫీసులు, వర్తకుల కొట్లు కిటికీలకు నల్లగుడ్డలు కప్పాయి. జాతీయ జెండాలను తలకిందులుగా కట్టారు. ఈ వీధి బాస్టన్ డబ్బున్న వీధి. ఈ బ్యాంకులు, ఈ కంపెనీలు దక్షిణాది పత్తితోనే బతుకుతున్నాయి. దక్షిణాదితో తగాదా వద్దు, వ్యాపారం పాడవుతుంది అని నిన్నటిదాకా చెప్పినవాళ్ళే ఇవాళ నల్లగుడ్డ కట్టారు. ఏమస్ లారెన్స్ అనే పత్తి మిల్లుల కుటుంబీకుడు రాసింది ఇదే: రాత్రి రాజీ కోరుకునే పాతకాలం మనుషులుగా పడుకున్నాం, తెల్లారి లేచేసరికి బానిసత్వ వ్యతిరేకులమై పిచ్చెత్తి లేచాం. ఆయన మాటలకు ఇంచుమించు సారాంశం అది.

మనం నిలబడ్డ చోటు కూడా మామూలు చోటు కాదు. 1770 మార్చి 5న ఈ భవనం ముందే బ్రిటిష్ సిపాయిలు జనం మీద కాల్చారు. అప్పుడు దీన్ని కింగ్ వీధి అనేవాళ్ళు. మొదట పడ్డవాళ్ళలో క్రిస్పస్ అటక్స్ ఒకడు. తల్లిదండ్రుల్లో ఒకరు ఆఫ్రికన్, ఒకరు ఇక్కడి ఆదివాసీ అంటారు. అతను పారిపోయిన బానిసే అని చరిత్రకారుల అభిప్రాయం. ఈ భవనం బాల్కనీ నుంచే 1776 జూలై 18న స్వాతంత్ర్య ప్రకటన చదివారు. పారిపోయిన బానిసను తొలి అమరుల్లో ఒకడిగా పూజించే చోట ఇంకో పారిపోయిన బానిసను పట్టుకెళ్తున్నారు. ఇవాళ సిపాయిలు బ్రిటిష్‌వాళ్ళు కాదు.

రెండు గంటలు దాటింది. కోర్టు వీధి నుంచి ఒక్కసారిగా రొద. వస్తున్నారు. ముందు ఫిరంగి దళం, గుర్రాల మీద సిపాయిలు. వాళ్ళ వెనక నౌకా సైనికులు, తుపాకుల చివర బాయ్‌నెట్లు. తర్వాత మార్షల్ కూలికి తెచ్చుకున్న మనుషులు, ఒక చేతిలో కత్తి, నడుముకు పిస్తోలు. చాలామంది మొహాలు చూస్తే ఊరిలో తెలిసిన రౌడీలే అని జనం అంటున్నారు. వాళ్ళు నాలుగు పక్కలా గోడ కట్టినట్టు నడుస్తున్నారు.

మునివేళ్ళ మీద లేవండి. వాళ్ళ భుజాల మధ్య నుంచి చూడండి. కొత్త సూటు కనిపిస్తోందా? అదిగో అతను.

నాకు కనిపించింది అంతే. టోపీల మధ్య ఒక టోపీ, ఒక చెంప. జనం అరుపులు మిన్నంటుతున్నాయి. సిగ్గు సిగ్గు అంటున్నారు, మనుషుల్ని ఎత్తుకుపోయే దొంగల్లారా అంటున్నారు. ఈల వేస్తున్నారు, ఏడుస్తున్నారు. అతని వెనక ఇంకో ఫిరంగి, దాని చుట్టూ ఇంకో రెండు వరసల నౌకా సైనికులు. యాభై వేల మందిలో ఒక్కరూ ఆ గోడ దాటలేకపోయారు. శవపేటిక కిందుగా ఊరేగింపు నడిచింది. కస్టమ్ హౌస్ దాటింది. మూడు గంటల ఇరవై నిమిషాలకు రేవు నుంచి చిన్న స్టీమరు కదిలింది. కొంచెం దూరంలో మోరిస్ అనే ప్రభుత్వ ఓడ ఎదురుచూస్తోంది. ఒక్క మనిషిని తిరిగి పంపడానికి ప్రభుత్వానికి నలభై వేల డాలర్ల దాకా అయిందని లెక్కగట్టారు. 1200 డాలర్లకు వదిలేయడానికి శనివారం రాత్రి కాగితం సిద్ధంగా ఉండింది.

ఓడ వెళ్ళిపోయింది. జనం మాత్రం వెళ్ళినప్పటిలా తిరిగి రాలేదు. నెల తిరగగానే, జూలై 4న ఫ్రేమింగ్‌హామ్‌లో బానిసత్వ వ్యతిరేక నాయకుడు విలియం లాయిడ్ గారిసన్ లోరింగ్ తీర్పును, ఆ వెంటనే అమెరికా రాజ్యాంగాన్ని కాల్చాడు. అదే వేదిక మీద రచయిత హెన్రీ డేవిడ్ థోరో మసాచుసెట్స్‌లో బానిసత్వం గురించి మాట్లాడాడు. వోబర్న్ స్త్రీలు లోరింగ్‌కు ముప్పై వెండి నాణేలు పంపారు. యేసును పట్టించిన యూదాకు అందిన కూలి ఎంతో బైబిల్ చదివిన ప్రతివారికీ తెలుసు. హార్వర్డ్ లోరింగ్‌ను మళ్ళీ తీసుకోలేదు, 1858లో అతనికున్న జడ్జి పదవీ పోయింది. 1855లో రాష్ట్రం కొత్త చట్టం చేసింది. పరారీ బానిసకు ఇక జూరీ, లాయరు ఉంటారు. ఆ తర్వాత మసాచుసెట్స్ నుంచి ఒక్కణ్ణీ వెనక్కి పంపలేదు. లారెన్స్ డబ్బు కాన్సస్‌కు వెళ్ళే బానిసత్వ వ్యతిరేకులకు చేరింది. అక్కడ ఒక ఊరికి ఆయన పేరే పెట్టారు. గడ్డం చీలిన హిగిన్సన్ తర్వాత బానిసత్వం మీద ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్‌కు డబ్బు సమకూర్చినవాళ్ళలో ఒకడయ్యాడు, అంతర్యుద్ధంలో విముక్తి పొందిన బానిసల రెజిమెంటుకు కర్నల్ అయ్యాడు. దక్షిణాది పత్రికలు మాత్రం ఇంకో మాట అన్నాయి: ఒక్కణ్ణి తెచ్చుకోవడానికి ఇంత సైన్యం కావాలంటే ఈ రాష్ట్రాల కలయిక ఎంతకాలం? ఆ ప్రశ్న న్యాయమైనదే అంటాను నేను. బాస్టన్‌లో ఆ రోజు రెండు పక్షాలకూ ఒకటే అర్థమైంది, ఇలా కలిసి బతకడం కుదరదని.

కానీ ఇలా చెబుతూ పోతే మనమూ ఆ జనంలాగే ఆ శవపేటికను చూస్తూ, కింద నడిచిన మనిషిని మరిచిపోతాం. ఓడ వెంట వెళ్దాం. రిచ్‌మండ్‌లో రాబర్ట్ లంప్‌కిన్ బానిసల జైలు. చిన్న గది. చేతులకు, కాళ్ళకు ఇనుము. నాలుగు నెలలు అక్కడే. విరిగిన ఎముక ఉన్న ఆ చేతికీ బేడీ వేశారు. తర్వాత నార్త్ కరోలినా వ్యాపారి డేవిడ్ మెక్‌డానియల్ 905 డాలర్లకు కొనుక్కున్నాడు. గ్రైమ్స్ అతని ఆచూకీ పట్టాడు. మళ్ళీ గడపగడపకూ తిరిగాడు. 1300 డాలర్లు కూడబెట్టి, 1855 ఆరంభంలో బాల్టిమోర్ వెళ్ళి బర్న్స్‌ను విడిపించి తీసుకొచ్చాడు. ఆయనకు కోర్టు లేదు, సైన్యం లేదు, అధ్యక్షుడి టెలిగ్రామ్ లేదు. అయినా ఆ వారమంతా తప్పిపోయిన పనిని ఆయన పూర్తి చేశాడు. ఈ కథలో నేను చేతులు జోడించేది గ్రైమ్స్‌కు.

బర్న్స్ ఓబర్లిన్ కాలేజీలో చదివాడు. కెనడాలోని సెయింట్ కేథరీన్స్‌లో నల్లజాతి సంఘానికి పాస్టర్ అయ్యాడు. 1862 జూలైలో క్షయతో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్ళకు. లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి రావడానికి ఇంకా అయిదు నెలలుంది.

అంతకు ముందు ఒక ఉత్తరం రాశాడు. వర్జీనియాలో తను సభ్యుడిగా ఉన్న బాప్టిస్టు సంఘాన్ని తన సభ్యత్వ పత్రం అడిగితే, నువ్వు యజమాని దగ్గర నుంచి పారిపోయి దైవాజ్ఞనూ మనుషుల చట్టాన్నీ ధిక్కరించావు, నిన్ను వెలివేశాం అని సంఘం ప్రకటించింది. బర్న్స్ జవాబిచ్చాడు. కోర్టు చెప్పుకోనివ్వనిదంతా అందులో చెప్పాడు. నేను వెళ్ళిపోయిన మాట నిజమే, తిరిగి రానన్న మాటా నిజమే అని ఒప్పుకున్నాడు. ఆ రెంటిలో దేన్నీ తప్పుగా ఒప్పుకోలేదు. పుట్టీ పుట్టగానే నన్ను దొంగిలించారు, ఆ హక్కు ఏ మనిషికీ లేదు అన్నాడు. స్వేచ్ఛ మీద ప్రేమను దేవుడు నా గుండెలో రాశాడు, దాన్నే పాటించాను అన్నాడు. దొంగిలించబడ్డ మనిషి తన దారిన తాను లేచి వెళ్ళిపోతే ఏ చట్టం ధిక్కరించినట్టో చెప్పమని ఆ సంఘాన్ని నిలదీశాడు.